ఊరికే అన్న మాట

మదరాసు, రాయపురం,
ఆదివారం.

మా సుబ్బమ్మక్కకు,

నీ తమ్ముడు కోటయ్య దణ్ణం పెట్టి రాసుకునేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. బాగున్నానని రాయకపోతే నువ్వు అన్నం మానేస్తావు కాబట్టి మొదటే రాస్తున్నాను. బావ, మన చిట్టి, నువ్వు ఎలా ఉన్నారో రాయి. చిట్టికి దగ్గు తగ్గిందా? నీ మోకాళ్ళ నొప్పికి నేను పంపిన తైలం రాస్తున్నావా, లేక దాచిపెట్టి చుట్టాలకు చూపిస్తున్నావా?

నీ ఉత్తరం మొన్న బుధవారం అందింది. చేతికి రాగానే ఎవరి రాతో పోల్చుకోలేకపోయాను. ఇన్నాళ్ళూ మీ ఇంటి ఉత్తరాలన్నీ బడి పంతులుగారి రాతలో వచ్చేవి. అచ్చు కొట్టినట్టుండేవి. ఇదేమో ఒక అక్షరం ఆవగింజంత, ఒక అక్షరం గుమ్మడికాయంత. మొదటి వరసలోనే "నేనే రాస్తా ఉండా" అని ఉంది. ఆ మాట చదివి హార్బరు షెడ్డు గోడకు ఆనుకుని నిలబడిపోయాను. మన పాళెం చెంచయ్య, నాతోనే పనిచేస్తాడు గదా, పరుగెత్తుకుని వచ్చాడు.

"ఏందిరా, ఇంటికాడ ఎవురికన్నా బాగలేదా?" అన్నాడు.

మా అక్క రాసిందిరా అని కాగితం చూపించాను. వాడికి చదువు రాదు. అయినా అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "అక్షరాలు గూడా ఆ యమ్మ మాదిరే తల పైకెత్తుకోని నిలబడుండాయే" అన్నాడు. కోప్పడకు, మెచ్చుకునే అన్నాడు.

నువ్వు కూడబలుక్కుని చదువుతావని తెలుసు. అందుకే పెద్ద అక్షరాలతో, విడివిడిగా రాస్తున్నాను. కాగితాలు ఎక్కువయ్యాయి, రోజుకొకటి చదువుకో. తెలియని చోట ఆగి మళ్ళీ మొదలుపెట్టు. పంతులుగారిని మాత్రం అడగొద్దు. చిట్టినీ అడగొద్దు. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

ఇక్కడ కార్తీకం వానలు మొదలయ్యాయి. నాలుగు రోజుల్నుంచి హార్బరులో నిలబడితే కాళ్ళు ఉబ్బిపోతున్నాయి. ఎరువు బస్తాల ఓడ వచ్చింది. బస్తా తడిస్తే మోసేవాడి వీపు మండుతుంది, తడవకపోతే ముక్కు మండుతుంది. మేస్త్రీ మంచివాడే, అరవాయన. నన్ను పేరు పెట్టి పిలవడు, 'నెల్లూరు' అంటాడు. ఆయన 'నెల్లూరు, ఇంగే వా', ఇటు రా, అని కేకేస్తే ఊరు ఊరంతా లేచి పోవాలేమో అనిపిస్తుంది. గదిలో ఐదుగురం ఉంటాం. వంట వంతులవారీగా చేస్తాం. నా వంతు వచ్చిన రోజున మిగతా నలుగురూ హోటలుకు పోతారు.

చేపలు కొనుక్కుని తింటున్నానంటే నువ్వు నవ్వుతావు. చేపలు పట్టే పాళెంలో పుట్టినవాణ్ణి, సంచి పట్టుకుని మార్కెట్లో నిలబడి కళ్ళు వెలిసిపోయిన మాగ చేపను బేరమాడుతుంటే నాకే సిగ్గేస్తుంది. ఎండాకాలంలో మామిడికాయ వేసి పులుసు పెట్టాలని చూశాను. ఇక్కడి కాయలు పుల్లగా ఉండవు. నీ చేతి పులుసు తలచుకుంటూ తిన్నాను.

చూశావా, బస్తాల గురించీ చేపల గురించీ రాస్తూ పోతున్నాను. అసలు మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరంలో ఏడు వరసలున్నాయి. ఆరు వరసలు క్షేమసమాచారాలు. సాయంత్రం బడి కోసం మన పాళెం రేడియో గదికి పోతున్నావనీ, నాయన పడవ పలకతో చేసిన బల్ల మీదే కూర్చుంటున్నావనీ, ఆ బల్ల అంచున తాడు కుట్టిన బెజ్జాలు అలాగే ఉన్నాయనీ రాశావు. ఏడో వరసలో ఇలా రాశావు: "నాయన పడవ నువ్వు ఊరికే అన్నావా".

చివర ప్రశ్న గుర్తు లేదు. పంతులుగారు ఇంకా అంతవరకు చెప్పలేదేమో. బుధవారం నుంచి ఆ ఒక్క వరస నన్ను నిద్రపోనివ్వలేదక్కా. పడవ వాడకుండా ఊరికే పడి ఉందని అన్నావా అని అడిగావా? మరెవరికీ కాదు, ఊరికే చెందాలని అన్నావా అని అడిగావా? లేక మనసులో ఏమీ లేకుండా, ఊరికే నోటికొచ్చి అన్నావా అని అడిగావా? నీకు తెలిసి రాశావో తెలియక రాశావో గానీ, సరిగ్గా గురి చూసి అడిగావు. జవాబు చెబుతాను. ఏడాదిన్నర నుంచి చెప్పవలసిన జవాబు ఇది.

నిరుడు వేసవిలో మన ఊరి పెద్ద వెంకటసామి మామ, పంతులుగారు ఇక్కడికి వచ్చారు గదా. హార్బరులో ఉన్న పాళెం వాళ్ళందరినీ ఆదివారం పూట మా గది ముందు చాప పరిచి కూర్చోబెట్టారు. మామ చెప్పాడు. "అబ్బయ్యల్లారా, మన పాళెంలో నలుగురు కూచోను నీడ లేదు. సముద్రం పోటు మీద ఉంటే మొగోళ్ళు ఇసకలో పడుకోనుండాల, లేదంటే సారాయి అంగటికి పోవాల. ఆడోళ్ళకు అదీ లేదు. సమితి వాళ్ళు రేడియో ఇస్తామన్నారు, పెట్టను గది మనం కట్టుకోవాలంట" అన్నాడు. విడవలూరు వైపు రైతులు ఇటుకలు ఇస్తామన్నారట. ఆడవాళ్ళంతా కాలవ దగ్గర గుల్లలు ఏరి సున్నం కాలుస్తామన్నారట. ఆ గుల్లలు ఏరేవాళ్ళలో నువ్వు ముందున్నావని కూడా మామే చెప్పాడు. ఇక పైకప్పుకూ బల్లలకూ కలప కావాలి అన్నాడు.

ఒక్కొక్కరే లేచి చెబుతున్నారు. ఒకతను పెట్రొమాక్సు లైటు అన్నాడు. ఒకతను క్యారమ్ బోర్డు అన్నాడు. చెంచయ్య నాలుగు రోజుల కూలి అన్నాడు. పంతులుగారు రాసుకుంటున్నారు. నా వంతు దగ్గరికొస్తోంది. నా దగ్గర ఏమీ లేదు. ఏమీ లేదంటే అబద్ధం, చేతికి గడియారం ఉంది. అంతకు పది రోజుల ముందే కొన్నాను. మామ కళ్ళబడుతుందేమోనని చొక్కా చెయ్యి కిందికి లాక్కుని కూర్చున్నాను.

మామ నన్ను ఇబ్బంది పెట్టలేదు. మర్యాదకు పలకరించాడు. "కోటయ్యా, మీ నాయన పడవ సంగతేందిరా?" అన్నాడు.

"అది ఊరికే గదా మామా" అన్నాను.

ఊరికే పడి ఉంది గదా అని నా భావం. 'పడుంది' అన్న మాట నోట్లోనే మింగేశాను. ఆ ఒక్క మాట బయటికి వచ్చి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. మామ ఒక్క క్షణం నా ముఖం చూశాడు. తర్వాత లేచి వచ్చి నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. "ఊరికేనా! విన్నారంట్రా, పడవ ఊరికేనంట! మీ నాయన మనసే వచ్చిందిరా నీకు" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. పంతులుగారు రాసేశారు.

అక్కా, ఆయన తప్పుగా విన్నాడని నాకు అప్పుడే తెలుసు. బావ పడవ పలకలను తాడుతో మళ్ళీ కుడుతున్నాడని కూడా తెలుసు. ఆ ఆదివారానికి పదిహేను రోజుల ముందు నువ్వు రాయించిన ఉత్తరం నా పెట్టెలోనే ఉంది. 'బావ కొత్త కొబ్బరి తాడు తెచ్చినాడు, ఒక పక్క కుట్టయింది, వానలు వెనకబట్టేసరికి నీళ్ళలోకి దించుతాము' అని అందులో ఉంది. చదివాను, పెట్టెలో పడేశాను. నా తలలో మాత్రం పడవ నేను వదిలి వచ్చినట్టే ఇసకలో బోర్లా పడి ఉంది. అందుకని ఊరికే అనేశాను. మామ నన్ను పట్టుకోగానే నీ ఉత్తరం గుర్తొచ్చింది. మామా, అలా కాదు, నేనన్నది వేరు, పడవ మా బావ కుట్టుకుంటున్నాడు అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? అక్కడ టీ తెచ్చి ఇచ్చారు. ఆ టీ చల్లారేంత సేపు ఉంది నాకు. నేను తల దించుకుని కూర్చున్నాను. దాన్ని కూడా అందరూ వినయం అనుకున్నారు.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. చప్పట్లు బాగున్నాయక్కా. అంతకంటే వేరే కారణం లేదు. పడవెక్కితే కడుపులో తిప్పి కక్కుకునే కొడుకు పుట్టాడని నాయనను ఎగతాళి చేసిన మనుషులు, ఆ కొడుకునే చూసి చప్పట్లు కొట్టారు. నాయన పోయాక పడవ కొడుకుదని ఊళ్ళో అనుకున్నారే గానీ, ఒక్కనాడన్నా నేను దానికి తాడు పట్టి లాగానా? అది బావది. నా పేరు మీద ఉన్న బావ పడవను నేను చప్పట్లకు ఇచ్చేశాను.

మన పాళెంలో పెద్దల ముందు ఊరికి అన్న వస్తువును వెనక్కి అడిగే ఆచారం లేదు. అది మామకూ తెలుసు, బావకూ తెలుసు. అందుకే పడవ వెనక్కి కావాలని మీరెవరూ నాతో ఒక్క మాట అనలేదు. తర్వాత జరిగింది చెంచయ్య సెలవు మీద వచ్చిపోయినప్పుడు చెప్పాడు. వడ్రంగులు గొడ్డళ్ళు తెస్తే బావ వాళ్ళను ఆపాడట. "పోయిన మా మామ ఒక్క మేకు కొట్టకుండా కుట్టించిన పడవ. కొట్టొద్దు, ఇప్పుతా" అన్నాడట. తాను కొత్తగా కుట్టిన తాడును తానే కూర్చుని విప్పాడట. రెండు రోజులు పట్టిందట. పలక ఒక్కటి కూడా పగలకుండా తీసి, ఒక్కొక్కటీ భుజాన మోసి గది కట్టే చోటికి చేర్చాడట. తాడును మాత్రం ఇంటికి తీసుకుపోయాడట. చెంచయ్య ఇదంతా చెప్పి, "మీ బావ కూడా నీ మాదిరే పెద్ద మనసున్నోడురా" అన్నాడు. నేను ఆ పూట అన్నం తినలేకపోయాను.

ఆ తర్వాత నేను చేసిన రెండో తప్పు చెబుతాను. 'పడవ ఇవ్వడం నీ ఆలోచనేనా' అని నువ్వు పంతులుగారి చేత రాయించావు. దానికి నేను 'నాయన పేరు చిరకాలం నిలబడాలని బాగా ఆలోచించే ఇచ్చాను' అని జవాబు రాశాను. అది శుద్ధ అబద్ధం. నిజం రాద్దామనే కలం పట్టాను. కానీ నా ఉత్తరం పంతులుగారు అరుగు మీద కూర్చుని చదువుతారు, చుట్టూ పదిమంది వింటారు, అందులో వెంకటసామి మామ కూడా ఉంటాడు. ఆ పదిమందినీ తలచుకుని అబద్ధం రాశాను.

మూడోది కూడా చెప్పేస్తాను. ఉగాదికి గది తెరిచినప్పుడు సెలవు దొరకలేదని రాశాను. నేను సెలవు అడగనేలేదు. దూలం మీద 'కోటయ్య ఇచ్చినది' అని రంగుతో నా పేరు రాయించారని తెలిసి, దాని కింద నిలబడి బావ ముఖం ఎలా చూడాలో తెలియక రాలేదు. ఆరోజు మేస్త్రీ అరవంలో తిట్టినా బాగున్నట్టే అనిపించింది.

బావ ఇప్పుడు ఎవరి పడవ మీద పోతున్నాడో నువ్వు రాయలేదు. నాకు తెలుసు, చెంచయ్యే చెప్పాడు. వెంకటసామి మామ కొడుకు పడవలో కూలికి పోతున్నాడు. తన చేత్తో చుక్కాని పట్టవలసిన మనిషి, ఎవరో చెబితే తాడు లాగుతున్నాడు. చేపల వాటాలు పంచేటప్పుడు చివర నిలబడుతున్నాడు. ఎప్పుడన్నా నా గురించి ఒక్క మాట అన్నాడా? అనలేదని నువ్వు రాస్తావు. అనలేదన్నది ఇంకా కష్టంగా ఉంటుంది నాకు.

నువ్వు మాత్రం ఆ గదికే పోయి, ఆ పలక మీదే కూర్చుని అక్షరాలు నేర్చుకున్నావు. గది మంచిదేనక్కా. అది అబద్ధం కాదు. రేడియోలో తుపాను కబురు విని పడవలు ఆపారని ఇంతకుముందే రాయించావు, ఆడవాళ్ళు కోలాటం నేర్చుకుంటున్నారని రాయించావు. ఇటుకలిచ్చినవాళ్ళు, గుల్లలు ఏరినవాళ్ళు, బావ, అందరూ కలిసి కట్టారు. అందులో ఏమీ ఇవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే, పేరు మాత్రం నాది ఉంది. నువ్వు నేర్చుకున్న చదువుతో మొదటి ఉత్తరం నాకు రాశావు, నేను చేసిన మోసం గురించే అడిగావు. సంతోషపడాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

గడియారం అమ్మేశాను. ఇక్కడ కలప అడితిలో పడవ పలకలు దొరుకుతాయి. రెండు కొన్నాను. గదిలో గోడకు ఆనించి పెట్టాను. చెంచయ్య రోజూ కాలి వేలు కొట్టుకుని నన్ను తిడుతున్నాడు. రెండు పలకలతో పడవ కాదని నాకు తెలుసు. ఒక్కొక్కటే సంపాదిస్తాను, ఏళ్ళు పట్టినా సరే. బావ దాచుకున్న తాడు ఎలుకలు కొట్టకుండా చూడు. ఇది రాస్తే తప్పు తీరిపోతుందని కాదు. నువ్వు అలా అనుకుంటావేమోనని భయంగా ఉంది, అలా అనుకోవద్దు.

ఇప్పుడు నీ మీద భారం వేస్తున్నాను. ఈ సంగతి ఊరికి చెప్పాలా వద్దా? నువ్వు చెప్పమంటే వచ్చే నెల సెలవు పెడతాను, ఈసారి నిజంగా అడుగుతాను. గదిలో అందరి ముందూ నిలబడి, నేను ఇవ్వలేదు, రామయ్య బావ ఇచ్చాడు, నా పేరు చెరిపి ఆయన పేరు రాయండి అంటాను. మామ చిన్నబోతాడు, ముసలివాడు, అది కూడా చూడాలి. బావ ఆ తర్వాత నన్ను గడప తొక్కనిస్తాడో లేదో తెలియదు. బావకు ఈ ఉత్తరం చదివి వినిపిస్తావో, పొయ్యిలో పెడతావో, నీ ఇష్టం. వినిపిస్తే మాత్రం, అన్నం తిన్నాక వినిపించు.

చెంచయ్య తమ్ముడు వచ్చే వారం అక్కణ్ణుంచి ఇక్కడికి బయలుదేరుతున్నాడట. వాడి చేత ఎండు రొయ్యలు కొంచెం పంపు. ఎక్కువ పంపవద్దు. చిట్టికి ఎర్ర రిబ్బను, నీకు రెండు కాపీ పుస్తకాలు, పెన్సిళ్ళు టపాలో పంపుతున్నాను. గీతలున్న పుస్తకాలు, అక్షరాలన్నీ ఒక్క ఎత్తున కూర్చుంటాయి. వానలో తడిసి మోకాళ్ళ నొప్పి తెచ్చుకోకు. నా ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడకు. నిజంగా బాగానే ఉంది.

పెద్దలందరికీ నా దండాలు చెప్పు. పంతులుగారికి ప్రత్యేకంగా చెప్పు, నీకు చదువు చెప్పినందుకు. వెంకటసామి మామకు ఎప్పటిలాగే చెప్పు. బావ కాళ్ళకు నా నమస్కారం. తీసుకోకపోయినా చెప్పు. నువ్వు నన్ను దీవించమని అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను.

నువ్వడిగిన దానికి జవాబు ఇది. పడవను నేను ఊరికే అన్నాను. ఈ ఉత్తరం మాత్రం ఊరికే రాసింది కాదక్కా. ఊరికి రాసింది కూడా కాదు. నీకు రాశాను, ఎవరూ చదివి పెట్టనక్కరలేకుండా నువ్వే చదువుతావని రాశాను. కోపమొస్తే కోపమే రాయి. నీ చేత్తో రాయి.

ఇట్లు,
నీ తమ్ముడు
కోటయ్య